మృగశిర రాకముందే పెంకు చూసుకోండి

పెంకుటింట్లో నీరు కారితే అందరూ ముందు పగిలిన పెంకు కోసం వెతుకుతారు. నేను చూసినంతలో చాలా ఇళ్లలో తప్పు వేరే చోట ఉంటుంది. వసారా కప్పు పై అంచు గోడకు తగిలే సందు చూడండి. మా ఇంట్లో మూడేళ్లు వరసగా అక్కడ సిమెంటు పూయించాం. ప్రతి వేసవికీ గోరు దూరేంత పగులు మళ్లీ విచ్చుకునేది. వాసాలు ఎండకూ వానకూ కదులుతాయి, గోడ కదలదు. మధ్యలో సిమెంటు ఎన్నాళ్లని పట్టుకుంటుంది? జింకు రేకు వేయించాకే కారడం ఆగింది.

ఈ పని రోహిణి కార్తెలోనే అయిపోవాలి. దసరా ముందు ఇంకోసారి చూసుకోండి. మన తీరాన్ని కొన్ని పెద్ద తుఫాన్లు తాకింది ఆ రోజుల్లోనే. గులాబ్ 2021 సెప్టెంబరు 26న వచ్చింది, తిత్లీ 2018 అక్టోబరు 11న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న. వదులుగా ఉన్న రేకు అంచు గాలికి దొరికితే పక్క పెంకులు కూడా లేచిపోతాయి. అలాగని తుఫాను హెచ్చరిక వచ్చాక పైకి ఎక్కొద్దు. కారితే కారనివ్వండి, కింద గిన్నె పెట్టుకోండి.

ఎక్కేముందు మిట్టమధ్యాహ్నం తలుపులు మూసి లోపల నుంచి కప్పు చూడండి. వెలుతురు చుక్కలా పడే చోట సుద్దతో గుర్తు పెట్టండి. వాసం మీద నల్లని చార ఉంటే దాని వెంట పైకి చూస్తూ పోండి. చుక్క పడే చోటికీ నీరు దూరే చోటికీ ఒక్కోసారి మూడు నాలుగు అడుగుల తేడా ఉంటుంది.

పొద్దున్నే, మంచు ఆరాక ఎక్కండి. పాచి పట్టిన పెంకు తడిస్తే సబ్బులా జారుతుంది. నిచ్చెన చూరు దాటి మూడడుగులు పైకి ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. పెంకు మీద నేరుగా కాలు వేయొద్దు. వెదురు నిచ్చెన ఒకటి కప్పు మీద పరిచి, దాన్ని అవతలి వైపు మోకుతో కట్టి, దాని మీదే నడవండి. నడుముకూ మోకు ఉండాలి. చూరు పక్కనుంచి కరెంటు సర్వీసు వైరు వెళ్తుంటే లైన్‌మన్‌కు చెప్పి సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టండి. పెంకు ఎత్తేటప్పుడు కింద తేలో జెర్రో ఉండొచ్చు, చేతికి గ్లవుజులు వేసుకోండి.

రేకు గోడ మీదికి ఆరంగుళాలు లేవాలి. గోడలో గాడి కొట్టి, పై అంచును అందులోకి మడిచి, అప్పుడు సిమెంటు పెట్టాలి. ఉత్తినే గోడకు ఆనించి మేకులు కొట్టి వదిలేస్తే రేకు వెనక నుంచి నీరు దిగుతుంది. రెండు ముక్కలు కలిసే చోట పై ముక్క కింది ముక్క మీదికి రావాలి.

ఇంగ్లాండు వైపు ఈ సందుకు సీసం రేకు వేస్తారు. మీ పాత ఇంట్లో మెత్తగా, బరువుగా, గోరుతో గీస్తే గీత పడే రేకు కనిపిస్తే అది సీసం కావచ్చు. దాన్ని గ్రైండరుతో కోయొద్దు, వల గుళ్లకు పనికొస్తుందని ఇంట్లో కరిగించొద్దు. ఆ పొగ, ధూళి పిల్లల మెదడుకు చేటు. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగకుండా అన్నం దగ్గర కూర్చోవద్దు.

సిమెంటు ఆరాక గోడ మీంచి నాలుగు బిందెల నీళ్లు మెల్లగా పోయించి, లోపల టార్చి వేసి చూడండి. గోడ పొడిగా ఉంటేనే మేస్త్రికి మిగతా కూలి ఇవ్వండి.