గట్టి రాతి నేలల్లో బోరు నీటిమట్టాన్ని కొలిచి ఊరి నీటి లెక్క కట్టడం ఎలా?

రాయలసీమలోను, తెలంగాణలోని చాలా జిల్లాల్లోను నేల అడుగున ఉన్నది గ్రానైట్, నైస్ వంటి గట్టి రాయి. ఆ రాయి తనంతట తాను నీటిని పట్టి ఉంచదు. పైన కొన్ని మీటర్ల మందాన శిథిలమై మెత్తబడిన పొరలోను, దాని కింద గట్టి రాతిలో అక్కడక్కడ ఏర్పడిన పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. ఇలాంటి చోట రబీలో ఏ పంట వేయవచ్చో తేల్చుకోవడానికి ఊరివాళ్ల చేతిలో ఉండవలసిన మొదటి ఆధారం, ఏళ్ల తరబడి ఒకే పద్ధతిలో రాసుకున్న నీటిమట్టాల పుస్తకం. దాన్ని రైతులే సమర్థంగా నడపగలరని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో జరిగిన భూగర్భ జలాల యాజమాన్య పథకం రుజువు చేసింది. అనంతపురం నుంచి నల్లగొండ వరకు వందలాది ఊళ్లలో చదువు పెద్దగా లేని ఆడవాళ్లు, మగవాళ్లు కూడా బోర్ల మట్టాలు కొలిచారు, వాన కొలిచారు, లెక్క కట్టారు.

ముందుగా ఊరి పొలిమేరలో నాలుగైదు బోర్లను ఎంచుకోవాలి. చెరువు కింద ఒకటి, మెరక మీద ఒకటి, వాగు పక్కన ఒకటి ఉండేలా చూడాలి. వాటిలో కనీసం ఒకటైనా మోటారు లేని పాత బోరు కావడం మంచిది, ఎందుకంటే మోటారు ఉన్న బోరులో టేపు కేబులుకూ పైపుకూ చుట్టుకుని ఇరుక్కుపోయే ప్రమాదం ఉంది. ప్రతి బోరుకు కేసింగు (బోరు పైభాగం కూలిపోకుండా దించే గొట్టం) అంచు మీద చెరగని రంగుతో ఒక గుర్తు పెట్టి, నేలమట్టం నుంచి ఆ గుర్తు ఎంత ఎత్తున ఉన్నదో పుస్తకం మొదటి పేజీలో రాయాలి. ఇకమీదట ఎవరు కొలిచినా ఆ గుర్తు దగ్గరే కొలవాలి.

కొలిచే సమయం విషయంలో పట్టుదల అవసరం. మోటారు నడుస్తున్నప్పుడు బోరులో కనిపించే మట్టం ఆ పొరలోని నీటి అసలు మట్టం కాదు. పంపు లాగుతున్నంతసేపు బోరు చుట్టూ నీరు గరాటు ఆకారంలో కిందికి జారుతుంది, ఆపిన తరువాత మెల్లగా లేస్తుంది. రాత్రంతా మోటారు ఆపి ఉంచి, ఉదయం కరెంటు వాడకం మొదలుకాకముందే కొలవాలి. ఆటో స్టార్టరు ఉన్న మోటార్లు కరెంటు రాగానే వాటంతటవే తిరుగుతాయి కనుక ముందురోజు సాయంత్రమే దాన్ని తీసి పెట్టాలి. చుట్టుపక్కల బోర్లు కూడా ఆగి ఉంటేనే అంకె నమ్మదగినది అవుతుంది. ఆపలేకపోతే ఆ మాట కూడా తేదీ పక్కన రాయాలి.

నీరు తగలగానే గంట మోగే విద్యుత్ టేపు ఉంటే పని సులువు. లేకపోతే బరువు కట్టిన ఉక్కు టేపు చాలు. చివరి మీటరుకు సుద్దముక్క రుద్ది బోరులోకి దించి, గుర్తు దగ్గర పూర్తి మీటరు అంకె ఒకటి పట్టుకుని, పైకి తీశాక సుద్ద ఎంతవరకు తడిసిందో చూడాలి. ఉదాహరణకు గుర్తు దగ్గర 15 మీటర్లు పట్టుకుంటే, తడిసిన భాగం 0.42 మీటర్లు అనుకుందాం. అప్పుడు నీటి లోతు 14.58 మీటర్లు. గుర్తు నేలకు 0.60 మీటర్ల ఎత్తున ఉంటే నేల నుంచి లోతు 13.98 మీటర్లు. వెంటనే రెండోసారి కొలిచి, రెండు అంకెలు రెండు సెంటీమీటర్లకు మించి తేడా చూపితే మూడోసారి కొలవాలి. నెలకు రెండుసార్లు కొలిస్తే మంచిది, కనీసం వానలకు ముందు మే నెలలోను, వానలు వెనుకబట్టాక నవంబరులోను తప్పనిసరి.

ఇక ఆ అంకెకు అర్థం చెప్పేది అడుగున ఉన్న రాయి. గట్టి రాతి నేలల్లో కేసింగును సాధారణంగా వదులుగా ఉన్న పై పొర దాటేవరకే దించుతారు కాబట్టి, కేసింగు ఎన్ని మీటర్లు పట్టిందో తెలిస్తే శిథిల పొర మందం దాదాపు తెలిసినట్టే. బోరు వేసేటప్పుడు బయటకు వచ్చే రాతిపొడి రంగు ఏ లోతున మారిందో, జల ఎక్కడ పడిందో కూడా అప్పుడే రాసుకోవాలి. తరువాత వాటిని గుర్తుచేసుకోవడం కష్టం. నీటిమట్టం కేసింగు అడుగు కంటే పైన ఉన్నంతకాలం ఊరికి నిల్వ ఉన్నట్టు. అంతకు కిందికి జారితే మిగిలింది పగుళ్లలోని కొద్దిపాటి నీరే. అక్కడి నుంచి అంతే నీరు తోడినా మట్టం చాలా వేగంగా పడిపోతుంది. ఈ గీతను పుస్తకంలో ఎర్రగా గుర్తించమని నా గట్టి సూచన. వందల అడుగుల లోతుకు కొత్త బోర్లు వేసి అప్పులపాలైన కుటుంబాలను చూసినప్పుడు, ఈ ఒక్క గీత ముందే తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

వాన లెక్కకు ఊరిలో చెట్లకు, గోడలకు దూరంగా ఒక వర్షమాపకం పెట్టి, వాతావరణ శాఖ పాటించే సమయానికే, అంటే ఉదయం 8.30 గంటలకు రోజూ చూడాలి. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 ఘనపు మీటర్ల నీరు. 100 హెక్టార్ల మీద 500 మిల్లీమీటర్లు కురిస్తే 5,00,000 ఘనపు మీటర్లు. శిథిల గ్రానైట్ నేలల్లో ఇందులో సుమారు పదో వంతు మాత్రమే కిందికి ఇంకుతుందని లెక్క వేసుకుంటే, చేతికి వచ్చేది 50,000 ఘనపు మీటర్లు. హెక్టారు వరికి సుమారు 12,000 ఘనపు మీటర్లు కావాలి కనుక ఆ నీరంతా కలిపినా నాలుగు హెక్టార్లకు కాస్త మించి పండదు. వేరుశనగకు సుమారు 5,000 చాలు కాబట్టి పది హెక్టార్లు పండుతుంది. వరి మడిలో పెట్టిన నీటిలో కొంత తిరిగి ఇంకుతుంది, చెరువు నుంచి కొంత ఊట వస్తుంది. వాటిని కలుపుకున్నా తాగునీటి వాటాను ముందే పక్కన పెట్టాలి.

ఈ లెక్కను విత్తనాలు కొనకముందే, అక్టోబరు నెలాఖరుకు, బోర్లున్న రైతులందరి సమక్షంలో చదివి వినిపించాలి. మే నెల మట్టం నుంచి నవంబరు మట్టం ఎన్ని మీటర్లు లేచిందన్నది తరువాత వచ్చే పరీక్ష. లెక్కలో ఇంకిందనుకున్న నీటికి, బోర్లలో నిజంగా లేచిన మట్టానికి పొంతన లేకపోతే మరుసటి ఏడాది ఇంకుడు వాటాను సవరించుకోవాలి.