ఇంజన్ మౌంటింగ్: ఏది గట్టిగా, ఏది మెత్తగా

క్లచ్ వదలగానే బండి ఊగుతోంది, గేరు మారినప్పుడల్లా కింద టక్కుమంటోంది అంటే చాలామందికి ముందు తట్టే మాట "గట్టి ఫౌండేషన్లు వేయించాలి" (ఫౌండేషన్లంటే మౌంటింగులే, ఇంజనును బాడీకి పట్టి ఉంచే రబ్బరు బిగింపులు). సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగు వణుకుతోంది అంటే "మెత్తవి వేయించాలి". తరచుగా ఈ రెంటికీ కారణం ఒక్కటే, లోపల రబ్బరు చిరిగిపోయి ఉంటుంది. చిరిగిన మౌంటింగు మెత్తనిది కాదు, చచ్చిపోయినది. ఎంపిక సంగతి అది తేలాకే.

ఇక్కడ చెప్పేదంతా మన రోడ్లమీద ఎక్కువగా కనిపించే ముందు చక్రాల డ్రైవు చిన్న కార్ల గురించి. వీటిలో ఇంజను అడ్డంగా ఉంటుంది. బరువు మోసే మౌంటింగులు సాధారణంగా రెండు, ఒకటి ఇంజను వైపు, ఒకటి గేర్‌బాక్సు వైపు. మూడోది కింద వెనకవైపు ఉండే టార్క్ రాడ్. దానిపని బరువు మోయడం కాదు, ఇంజను మెలి తిరగకుండా పట్టి ఉంచడం. గట్టి, మెత్త అనే ప్రశ్నకు జవాబు ఈ పని విభజనలోనే ఉంది.

పాతవి బతికే ఉన్నాయా?

బండిని చదునైన చోట నిలిపి హ్యాండ్ బ్రేకు లాగి, ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి, బానెట్ తెరిచి పెట్టండి. చూసే మనిషి పక్కన నిలబడాలి, బండి ముందు కాదు. మొదటి గేరులో క్లచ్ పట్టుకునేదాకా వదిలి వెంటనే తొక్కండి, తర్వాత రివర్సులో అలాగే చేయండి. ఇంజను ఒక వేలి మందం ఊగి నెమ్మదిగా వెనక్కి వస్తే ఫరవాలేదు. రెండు వేళ్ళకు మించి ఎగిరినా, చివర్న 'ఠక్' అని కొట్టినా రబ్బరు పోయినట్టే. ఆ తర్వాత ఆయిల్ చాంబర్ కింద చెక్కపలక పెట్టి జాకీతో ఇంజనును ఒక సెంటీమీటరు లేపి, టార్చి వేసి చూడండి. బరువు మీద ఉన్నప్పుడు మూసుకుని కనిపించని పగులు అప్పుడు నోరు తెరుస్తుంది. పైపైన వెంట్రుకల్లా ఉన్న పగుళ్ళు పెద్ద విషయం కాదు. రబ్బరు ఇనుము నుంచి ఊడిందా, పగులు లోపలిదాకా దిగిందా అన్నదే చూడాలి. లోపల ద్రవం ఉండే హైడ్రాలిక్ రకమైతే కిందకి కారిన నల్లటి చార కనిపిస్తుంది. అది కనిపిస్తే ఇంకేం ఆలోచించక్కర్లేదు, మార్చడమే.

ఇంజను వైపు మౌంటింగు మీద ఆయిలు పడుతోంటే ముందు ఆ లీకు ఆపండి. సహజ రబ్బరు ఆయిలు తాగి ఉబ్బుతుంది, ఊడుతుంది. లీకు అలాగే వదిలేస్తే కొత్తదానికీ అదే గతి.

లెక్క ఏం చెబుతుంది

బండి ఆగి ఉండగా ఇంజను 800 ఆర్‌పీఎం దగ్గర (నిమిషానికి 800 చుట్లు) తిరుగుతోందనుకుంటే, నాలుగు సిలిండర్లదాంట్లో సెకనుకు దాదాపు 27 సార్లు ఇంధనం మండుతుంది. మూడు సిలిండర్లదైతే 20 సార్లే. మౌంటింగు మీద కూర్చున్న ఇంజనుకు తనదైన ఊగుడు వేగం ఒకటి ఉంటుంది, అది సెకనుకు 10 సార్లు అనుకుందాం. డ్యాంపింగు (రబ్బరు ఊగుడును అణిచే గుణం) పక్కన పెడితే మూడు సిలిండర్ల ఇంజను అదురులో మూడో వంతు బాడీకి చేరుతుంది, నాలుగు సిలిండర్లదైతే 16 శాతం. ఇప్పుడు మౌంటింగుల గట్టితనం రెట్టింపు చేయండి. ఊగుడు వేగం 14కి పెరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను అదురు 39 శాతం చేరుతుంది, మూడు సిలిండర్లదేమో పూర్తిగా నూటికి నూరు. ఇంజనును నేరుగా బాడీకి బిగించినట్టే! మూడు సిలిండర్ల కారులో బరువు మోసే మౌంటింగులు గట్టివి వేయించినవాళ్ళు నెలలోపే పీకించేసేది అందుకే.

గట్టితనం రెట్టింపు కావడానికి పెద్ద మార్పేమీ అక్కర్లేదు. రబ్బరు గట్టితనాన్ని షోర్ ఏ కొలతలో చెబుతారు. ఒరిజినల్ మౌంటింగులు సుమారు 40 నుంచి 60 మధ్య ఉంటాయి, బయట దొరికే పాలియురేథేన్ (రబ్బరు లాంటి ప్లాస్టిక్, వాడుకలో 'పాలీ') రకాలు 60 నుంచి 95 దాకా. ప్రతి 10 పాయింట్లకు గట్టితనం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. 50 తీసి 70 వేస్తే రెండింతలు దాటింది, 80 వేస్తే మూడింతలు దాటింది. ఆకారం కూడా లెక్కే. ఒరిజినల్ బుష్‌లో (బోల్టు చుట్టూ ఉండే రబ్బరు తొడుగులో) కావాలని వదిలిన ఖాళీలను పూడ్చేస్తే రబ్బరు మార్చకుండానే బిగుసుకుంటుంది.

ఇక్కడే ఒక తేడా గమనించాలి. ప్లగ్గో కాయిలో పోయి ఒక సిలిండర్ మిస్ అవుతోంటే ఆ కుదుపు రెండు చుట్లకు ఒకసారి, అంటే సెకనుకు ఏడుసార్ల లోపే వస్తుంది. ఇది ఇంజను సొంత ఊగుడు కంటే కిందిది కాబట్టి మంచి మౌంటింగు కూడా దాన్ని ఆపదు, పైగా పెంచుతుంది. అందుకే ప్లగ్గులు, కాయిళ్ళు, థ్రాటిల్ బాడీ చూడకుండా వణుకుకు మౌంటింగులు మార్చకండి.

టార్క్ రాడ్ సంగతి వేరు

110 న్యూటన్ మీటర్ల ఇంజను, మొదటి గేరు నిష్పత్తి 3.5, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్సు తర్వాత చక్రాలకు ముందుండే ఆఖరి గేర్ల జత) నిష్పత్తి 4.1 అనుకోండి. చక్రాలకు దాదాపు 1,580 న్యూటన్ మీటర్లు చేరతాయి. అంత బలమూ ఎదురు తిరిగి ఇంజనును వెనక్కి మెలిపెడుతుంది. టార్క్ రాడ్ ఆ మెలిక ఇరుసుకు 40 సెంటీమీటర్ల కింద ఉంటే దాని మీద పడే లాగుడు సుమారు 400 కిలోలు. దాని బుష్ మెత్తబడితే ఇంజను మెలి తిరుగుతుంది, గేర్ల లింకేజి కదులుతుంది, రెండో గేరు సరిగ్గా పడదు, ట్రాఫిక్‌లో యాక్సిలరేటర్ ఎత్తి తొక్కినప్పుడల్లా జర్క్ వస్తుంది.

కాబట్టి మా సలహా ఇది. రోజూ తిరిగే బండికి బరువు మోసే రెండూ ఒరిజినల్ మెత్తవే ఉంచండి. అవసరమనిపిస్తే టార్క్ రాడ్ ఒక్కటే ఒక మెట్టు గట్టిది వేయండి, మూడు సిలిండర్లకు షోర్ ఏ 65 దాటొద్దు, నాలుగింటికి 75 దాకా పోవచ్చు. ఆటోమేటిక్ అయితే దీనికీ వెనకాడండి, ఎందుకంటే 'డీ'లో బ్రేకు మీద ఆగి ఉన్నప్పుడు రాడ్ బిగుసుకునే ఉంటుంది, అదురంతా దాన్ని పట్టుకునే లోపలికి వస్తుంది. అల్యూమినియం దిమ్మెలు రేసు ట్రాక్ కోసమే. మూడింటిలో ఒకటి మాత్రం దిమ్మె వేసి మిగతావి మెత్తవి ఉంచితే బరువూ మెలికా అంతా దాని మీదే పడి గేర్‌బాక్సు చెవి (మౌంటింగు బిగించే కొస) పగలొచ్చు.

హైడ్రాలిక్ ఉన్న చోట ధర తక్కువని ఉత్త రబ్బరుది వేయకండి. హైడ్రాలిక్‌ది చిన్న అదురుకు మెత్తగా, గుంతలో పడ్డప్పటి పెద్ద ఊపుకు బిగువుగా ఉంటుంది. రెండు గుణాలూ ఒక్క రబ్బరు ముక్కలో రావు.

బిగించే పద్ధతి

ఇంజను చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీయండి. బండి కింద దూరాల్సి వస్తే స్టాండులు పెట్టండి, ఒక్క జాకీని నమ్మొద్దు. ఆయిల్ చాంబర్ కింద వెడల్పాటి చెక్క వేసి, ఇంజను బరువు అందేంతవరకే జాకీ లేపండి. ఎక్కువ లేపితే చాంబర్ సొట్ట పడుతుంది, పైపులు సాగుతాయి.

ఒకేసారి ఒకటే విప్పాలి. మూడూ విప్పితే ఇంజను పక్కకి జరిగి రంధ్రాలు కలవవు. కలవని బోల్టును స్పానర్‌తో బలవంతంగా తిప్పితే గేర్‌బాక్సు అల్యూమినియం మర పోతుంది. జాకీని కాస్త అటూ ఇటూ ఆడించి బోల్టు చేత్తో తిరిగేలా చేసుకోండి. అన్నీ చేత్తో ఎక్కించాక జాకీ దించి, ఇంజనును రెండుసార్లు చేత్తో ఊపండి. పైరెండూ బిగించి, బ్యాటరీ తిరిగి తగిలించి ఇంజను అరనిమిషం ఆన్ చేసి ఆపి, టార్క్ రాడ్‌ను ఆఖరున బిగించాలి. ఈ వరస తప్పితే రబ్బరు మెలి తిరిగిన స్థితిలోనే బిగుసుకుంటుంది, కొత్తది వేసినా వణుకు పోలేదని మళ్ళీ షాపుకి తిరగాల్సి వస్తుంది. బోల్టులు బిగించే టార్క్ విలువలు ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్లోవే తీసుకోండి. కొన్ని బోల్టులు ఒక్కసారికే, మాన్యువల్ అలా చెబితే కొత్తవి కొనండి. 500 కిలోమీటర్ల తర్వాత మరోసారి రెంచ్ పెట్టి చూడండి.

పాలీ బుష్‌కు సిలికోన్ గ్రీజే వాడాలి. అది లేకపోతే కిర్రుమంటుంది. సైలెన్సర్ పైపు దగ్గరగా పోతోంటే మధ్యనున్న రేకు పీకేయకండి, వేడికి పాలీ మెత్తబడుతుంది.

గట్టి టార్క్ రాడ్ వేశాక తొలి కొన్ని వందల కిలోమీటర్లు అదురు ఎక్కువే ఉంటుంది, తర్వాత కొంత తగ్గుతుంది. తగ్గకపోతే మూడు మౌంటింగుల బోల్టులూ వదులు చేసి ఇంజనును మళ్ళీ కుదురుకోనిచ్చి బిగించండి. అప్పటికీ ఏసీ వేసినప్పుడు డాష్‌బోర్డు గలగలలాడుతోంటే ఆ కారుకు అది గట్టి ఎక్కువైనట్టు. విప్పిన పాత రాడ్ చిరగకుండా ఉంటే పారేయకుండా డిక్కీలో పడేసి ఉంచండి.