విశాఖలో ఇంటి చుట్టూ పచ్చని దడి పెంచడం ఎలా?

పక్క స్థలంలో అపార్ట్‌మెంట్ లేచి, వాళ్ల బాల్కనీ సరిగ్గా మన వంటింటి కిటికీకి ఎదురొచ్చిందా? గోడ ఎత్తు పెంచడం కన్నా మొక్కల దడి నయం. గాలి ఆడుతుంది, దుమ్ము తగ్గుతుంది. ఇంటర్నెట్‌లో కనిపించే హాలీ చెట్ల మీద మాత్రం మనసు పడకండి. అవి ఎక్కువగా చల్లని ప్రాంతాల్లో దడికి వేసేవి. వాటిలో ఆడ, మగ చెట్లు వేరు. ఆ ఎర్రటి కాయలు ఆడచెట్టుకే వస్తాయి. మన ఉక్కపోతలో వాటికి డబ్బు పెట్టడం దండగ.

ముందు సముద్రం ఎంత దూరమో చూసుకోండి. రుషికొండ, భీమిలి తీరంలో ఉప్పుగాలికి లేత ఆకుల అంచులు మాడిపోతాయి. అక్కడ గన్నేరు నిలబడుతుంది. అయితే దాని వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే. చిన్నపిల్లలు, ఆవులు, మేకలు తిరిగే చోట వద్దు. కొట్టేసిన కొమ్మల్ని తగలబెట్టకూడదు కూడా, ఆ పొగ హాని చేస్తుంది.

గోపాలపట్నం, పెందుర్తి వైపు గోరింట, నూరువరహాలు బాగా వస్తాయి. నా ఓటు గోరింటకే. ఎండకు బెదరదు, కత్తిరించిన కొద్దీ గుబురెక్కుతుంది. ఆషాఢంలో వీధిలో ఆడపిల్లలంతా వచ్చి కోసుకెళ్తే మీకు సగం పని తప్పుతుంది. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ అంటగడితే తీసుకోకండి. గుజరాత్ 2023లో దాన్ని నాటడమే నిషేధించింది.

నాటడానికి జూన్, జూలై మంచి సమయం. అక్టోబరు, నవంబరు తుఫానుల నాటికి వేళ్లు పట్టుకోవాలి. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. ఆ గాలికి ఊళ్లో ఎన్ని చెట్లు పడ్డాయో చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

గోడకు రెండడుగులు వదిలి, అడుగున్నర లోతు, అంతే వెడల్పుతో కాలవ తవ్వండి. ఇల్లు కట్టినప్పుడు మేస్త్రీలు గోడవారన పూడ్చేసిన సిమెంటు, సున్నం పెళ్లలు ఇక్కడే బయటపడతాయి. ఓపిగ్గా ఏరేయండి. సున్నం ఎక్కువైన మట్టిలో నూరువరహాలు ఇనుము తీసుకోలేక ఆకులు పసుపెక్కుతాయి, ఎంత ఎరువేసినా కోలుకోవు. తవ్విన మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు, మొక్కకు గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. గోరింటకైతే మొక్కకీ మొక్కకీ రెండడుగులు చాలు.

మొక్క అడుగున్నర ఎత్తుకు రాగానే తల తుంచేయాలి. చాలామందికి చేతులు రావు. తుంచకపోతే మొక్క పైకి సాగిపోయి, కింద మోడులా మిగులుతుంది. అప్పుడు వీధిలోంచి అంతా కనిపిస్తుంది. కత్తిరించేటప్పుడు కూడా అడుగున వెడల్పు, పైన సన్నం ఉండాలి. అప్పుడే కింది కొమ్మలకు ఎండ తగులుతుంది. సెప్టెంబరులో లోపలి కొమ్మలు కాస్త పలచన చేస్తే తుఫాను గాలి దూసుకుపోతుంది.

మొదటి వేసవిలో రెండు మూడు రోజులకోసారి వేళ్ల దాకా తడిసేలా నీళ్లు పెట్టి, మొక్క మొదలు చుట్టూ ఎండుటాకులు పరవండి. తీరం దగ్గరైతే పెనుగాలి వీచిన మర్నాడే పైపుతో మంచినీళ్లు కొట్టి ఆకుల మీది ఉప్పు కడిగేయండి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లండి.