పెరట్లోది యాష్ చెట్టేనా? పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే

అమెరికాలో యాష్ చెట్టు ఉన్నవాళ్ళకు, ఆ చెట్లను చంపేసే ఎమరాల్డ్ యాష్ బోరర్ పురుగు బెంగ తప్పదు. 2002లో మిషిగన్‌లో బయటపడిన ఈ పురుగు ఎన్నో రాష్ట్రాలకు పాకింది. మందు వేయించే ముందు అసలు అది యాషో కాదో తేల్చుకోండి. యాష్‌కు ప్రధాన గుర్తు, కొమ్మమీద ఆకులు, మొగ్గలు ఎదురెదురుగా ఉండటం. చూడడానికి కావలసింది ఒక రెమ్మ, రెండు నిమిషాలు. అదే ఎవరూ చేయరు.

సమస్య: ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి, అయినా యాష్ కాదంటున్నారు

కారణం: మీరు చూసినవి ఆకులు కావు, ఒకే ఆకులోని చిట్టి ఆకులు. కరివేపాకు రెబ్బంతా కలిపి ఒక ఆకే కదా, ఇక్కడా అంతే. అమెరికా యాష్‌లలో సాధారణంగా 5 నుంచి 9 చిట్టి ఆకులున్న రెబ్బ మొత్తం ఒక్క ఆకు. బ్లాక్ వాల్‌నట్, హికరీ అనే వేరే చెట్ల రెబ్బల్లోనూ చిట్టి ఆకులు జంటలుగానే కనిపిస్తాయి. అందరూ బోల్తాపడేది అక్కడే.

పరిష్కారం: మొగ్గ వెతకండి. చిట్టి ఆకు మొదట్లో మొగ్గ ఎప్పుడూ ఉండదు, రెబ్బ కొమ్మను అంటుకున్న చోటే ఉంటుంది. దానికి సరిగ్గా అవతలి పక్క ఇంకో మొగ్గ ఉంటే యాష్ కావచ్చు. ఒకటి పైన, ఒకటి కింద ఉంటే కాదు. జంటలో ఒకటి విరిగిపోయి ఉండొచ్చు గనుక నాలుగైదు రెమ్మలు చూడండి. ఆకు రాలాక ఇంకా తేలిక: మొగ్గ దగ్గర ఆకు ఊడిన మచ్చ కనిపిస్తుంది. వైట్ యాష్‌లో మచ్చ పై అంచు గుంటపడి, మొగ్గ అందులో కూర్చుంటుంది. గ్రీన్ యాష్‌లో ఆ అంచు దాదాపు తిన్నగా, మొగ్గ దానిమీద ఉంటుంది.

సమస్య: మొగ్గలు ఎదురెదురే, కానీ కాయలు జంటగా ఉన్నాయి

అది బాక్స్ ఎల్డర్ అనే మేపుల్ జాతి చెట్టు. దాని చిట్టి ఆకులు ఎక్కువగా 3 లేదా 5. యాష్ కాయకు ఒకటే రెక్క, సన్నగా పొడుగ్గా గుత్తులుగా వేలాడుతుంది.

సమస్య: కాయలే లేవు

వైట్, గ్రీన్ యాష్‌లలో ఆడ, మగ చెట్లు వేరు. కాయలు రాలి చెత్త కాకుండా మగ రకాలు నాటించిన ఇళ్ళు చాలా ఉన్నాయి. కాయ లేదని యాష్ కాదనుకోకండి. మగ పూతకు నల్లి అనే అతి చిన్న పురుగు పడితే గోధుమరంగు ఉండలు చలికాలమంతా కొమ్మలకే ఉంటాయి, అవి కాయలు కావు. మామూలు పూత వసంతంలో ఆకుకంటే ముందే వచ్చి పోతుంది.

మౌంటెన్ యాష్ అనే వేరే చెట్టుకు పేరొక్కటే పోలిక: ఎర్రపళ్ళు, ఎదురెదురు కాని మొగ్గలు. ఈ పురుగు దాని జోలికి రాదు. బ్రిటన్‌లో ఉన్నవాళ్ళకు ఇంత శ్రమ లేదు: చలికాలంలో మొగ్గలు ఎదురెదురుగా, నల్లగా ఉంటే యాషే.