పాడైన హోమ్ థియేటర్ రిసీవర్ స్థానంలో తక్కువ ఖర్చుతో మరొకటి ఎంచుకోవడం ఎలా?

కిందటి కార్తీక మాసంలో నెల్లూరులో మూడు రోజులు ముసురు పట్టి వదిలిన సాయంత్రం, మా హాల్లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న రిసీవర్, అంటే టీవీ శబ్దాన్ని అందుకుని గదిలోని స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టె, ‘టక్’ మని చప్పుడు చేసి ఆగిపోయింది. స్విచ్చి వేసిన ప్రతిసారీ ముందున్న దీపం ఎర్రగా రెండు మూడు సార్లు మిణుకుమని ఆరిపోయేది. మర్నాడే ట్రంకు రోడ్డుకు వెళ్లి కొత్తది తెచ్చేద్దామనుకున్నాను గానీ, ఆ తొందరలో కొని ఉంటే నాకు అక్కరకు రాని వాటికి సగం డబ్బు పెట్టి ఉండేవాణ్ణి. చేతిలో 35 వేల రూపాయలకు మించి లేనప్పుడు, పాడైన పెట్టె ఒక్కదాన్నే మార్చి, ఇంట్లో ఉన్న స్పీకర్లు, టీవీ, గది ఈ మూడింటికీ సరిపడేది వెతకడమే సరైన పద్ధతి అని నెల రోజుల తిరుగుడులో నాకు బోధపడింది.

ముందుగా పాత రిసీవర్ నిజంగా పోయిందో లేదో తేల్చుకోవాలి. ప్లగ్గు తీసి, వెనకవైపు ఉన్న స్పీకర్ వైర్లన్నీ విప్పి, ఒక్క కరెంటు వైరు మాత్రమే పెట్టి స్విచ్చి వేయండి. అప్పుడు ఆగిపోకుండా వెలుగుతూనే ఉంటే దోషం లోపల కాక, వైర్లలోనో స్పీకర్లలోనో ఉన్నట్లు లెక్క. కందుకూరులో మా బంధువుల ఇంట్లో ఇదే జరిగింది. కొత్తది కొనడానికి సిద్ధపడిన వాళ్లు నన్ను పిలిస్తే, టార్చి వేసి చూశాను. పక్కన పెట్టే సరౌండ్ స్పీకర్ వైరులోని రాగి పోగు ఒకటి, వెంట్రుక మందాన, ఎర్ర టెర్మినల్ నుంచి బయటకు వచ్చి పక్కనున్న నల్ల టెర్మినల్‌ను తాకుతోంది. దాన్ని మెలిపెట్టి లోపలికి దోపగానే పెట్టె మామూలుగా పనిచేసింది. నా విషయంలో అలా జరగలేదు. వైర్లు విప్పినా ఆగిపోయింది. మెకానిక్ మూత తీస్తే, వెచ్చదనానికి లోపల చేరిన బల్లి ఒకటి అవుట్‌పుట్ బోర్డు మీద అడ్డంగా మాడిపోయి ఉంది. మరమ్మతుకు 9 వేలు అడిగి, పాత ఐసీ (చిప్పు) దొరకడం కష్టమనీ, గ్యారంటీ ఇవ్వలేననీ ఆయన ఉన్నమాట చెప్పాడు. పన్నెండేళ్ల పెట్టె మీద అంత ఖర్చు పెట్టడం దండగ అనిపించి మానుకున్నాను. చిత్రాన్నీ శబ్దాన్నీ ఒకే వైరులో తెచ్చే హెచ్‌డీఎంఐ బోర్డు ఒక్కటే పోయి, మిగతా భాగం బాగుంటే మాత్రం మరికొన్నాళ్లు ఆగవచ్చు. టీవీ నుంచి ఆప్టికల్ వైరు (శబ్దాన్ని కాంతిగా పంపేది) వేసుకుంటే డాల్బీ డిజిటల్ 5.1 శబ్దం, అంటే ఐదు స్పీకర్లకూ, లోతైన శబ్దాలిచ్చే ఒక ఊఫర్‌కూ విడివిడిగా అందే శబ్దం, దాని ద్వారానే వస్తుంది.

పాతది ఇక పనికిరాదని తేలిన తరువాత, షాపుకు వెళ్లే ముందు మీ స్పీకర్ల వెనక రాసి ఉన్న ఓమ్స్ అంకెను (స్పీకర్ కరెంటును ఎంత అడ్డుకుంటుందో చెప్పేది) కాగితం మీద రాసుకోండి. 6 లేదా 8 ఓమ్స్ అయితే మామూలు రిసీవర్లన్నీ వాటిని నడుపుతాయి. ఒకప్పుడు డీవీడీ ప్లేయరు, ఐదు చిన్న స్పీకర్లు, ఒక ఊఫర్ అన్నీ ఒకే అట్టపెట్టెలో అమ్మిన సెట్లతో జాగ్రత్త అవసరం. వాటిలో చాలా స్పీకర్లు 3, 4 ఓమ్స్‌వి. వాటిని 6 నుంచి 16 ఓమ్స్ వరకే అని రాసి ఉన్న రిసీవర్‌కు తగిలించి గట్టిగా పెడితే పెట్టె వేడెక్కి ఆగిపోతుంది. ఊఫర్ సంగతి ఇంకా ముఖ్యం. ఆ సెట్లలోని ఊఫర్‌కు చాలావరకు సొంత కరెంటు ప్లగ్గు ఉండదు, రిసీవర్ పంపే శక్తితోనే అది మోగుతుంది. ఈనాటి రిసీవర్ల వెనక ఊఫర్ కోసం ఉండే రంధ్రం కేవలం సన్నని సిగ్నల్ మాత్రమే ఇస్తుంది కాబట్టి, దానికి సొంతంగా ఆంప్లిఫయర్ ఉన్న ఊఫర్ కావాలి. ఈ ఒక్క విషయం తెలియక, రిసీవర్ కొని ఇంటికి తెచ్చాక ఊఫర్ కోసం మళ్లీ 10 వేలు పెట్టవలసి వచ్చిన వాళ్లు నాకు తెలుసు. మీ ఊఫర్ అటువంటిదైతే ఆ ఖర్చును మొదటే బడ్జెట్‌లో కలుపుకోండి.

ఇక వాట్లు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. అట్టపెట్టె మీద ఛానెల్‌కు, అంటే ఒక్కో స్పీకర్‌కు, 140 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చాలాసార్లు ఒకే ఛానెల్‌ను, ఒకే స్వరం వద్ద, శబ్దం 10 శాతం వికృతమయ్యేదాకా నడిపి కొలిచిన అంకె. అదే రిసీవర్ పుస్తకంలో ‘20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు ఛానెళ్లు’ అన్న వరుస, అంటే చెవికి వినబడే స్వరాలన్నిటికీ కలిపి కొలిచినది, వెతికితే 70 అనో 80 అనో కనిపిస్తుంది. పోల్చవలసింది ఆ అంకెలనే. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లు మాత్రమే. 80 నుంచి 100 వాట్లకు వెళితే పెరిగేది సుమారు 1 డెసిబెల్, అది చెవికి ఆనీ ఆనకుండా ఉంటుంది. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే దాదాపు పది రెట్లు వాట్లు కావాలి. 12 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉన్న హాల్లో 88 డెసిబెళ్ల సెన్సిటివిటీ (ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వినిపించే శబ్దం) ఉన్న స్పీకర్లతో మామూలుగా సినిమా చూసేటప్పుడు ఒక్కో స్పీకర్‌కు సగటున ఒకటి రెండు వాట్లకు మించి ఖర్చు కాదు, పిడుగులు, ఫైట్లు వచ్చినప్పుడు మాత్రమే అంతకు చాలా రెట్లు క్షణకాలం కావలసి వస్తుంది. అందువల్ల 70 వాట్లున్న నిజాయితీ గల రిసీవర్ మన ఇళ్లకు ధారాళంగా సరిపోతుంది.

ఛానెళ్ల సంఖ్య విషయంలోనూ నాది ఇదే మాట. ఏడు స్పీకర్లు, రెండు ఊఫర్లు నడిపే 7.2 రిసీవర్‌కు సోఫా వెనక మరో రెండు స్పీకర్లు పెట్టే చోటు ఉండాలి. మన ఇళ్లలో సోఫా గోడకు ఆనించే ఉంటుంది. పైకప్పు వైపు అట్మాస్ స్పీకర్లు (పైనుంచి కూడా శబ్దం వినిపించేలా చేసేవి) బిగించే ఉద్దేశం నిజంగా ఉంటే తప్ప 5.1 చాలు. ఆ తేడా డబ్బును టీవీ దగ్గర మధ్యలో పెట్టే సెంటర్ స్పీకర్ మీద పెడితే, సినిమాలో మాట స్పష్టంగా వినిపించడానికి అది ఎంతో ఎక్కువ ఉపయోగపడుతుంది.

టీవీతో కలిపే పద్ధతి మీద మాత్రం కొంచెం ఎక్కువ సమయం పెట్టండి. ఇప్పుడు మనం చూసేది ఎక్కువగా టీవీలోనే ఉన్న ఓటీటీ యాప్‌లలో. అంటే శబ్దం టీవీలో పుట్టి రిసీవర్‌కు వెనక్కి రావాలి. ఆ పని చేసేది టీవీ వెనక ‘ఆర్క్’ లేదా ‘ఈ-ఆర్క్’ అని రాసి ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐ రంధ్రం. ఆర్క్ 2009లో హెచ్‌డీఎంఐ 1.4తోనూ, ఈ-ఆర్క్ 2017లో హెచ్‌డీఎంఐ 2.1తోనూ వచ్చాయి. ఓటీటీలు ఇచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ శబ్దం, అందులో వచ్చే అట్మాస్‌తో సహా, మామూలు ఆర్క్‌లోనే ప్రయాణిస్తుంది. ఆప్టికల్ వైరులో ఆ ప్లస్ రకం రాదు, టీవీ దాన్ని పాత డాల్బీ డిజిటల్‌గా మార్చి పంపగలిగితేనే 5.1 వినిపిస్తుంది, లేకపోతే రెండు ఛానెళ్లే వస్తాయి. బ్లూరే ప్లేయర్లు, గేమ్ పెట్టెలు టీవీకే తగిలించి, వాటి శబ్దం ఏమాత్రం తగ్గించకుండా పూర్తి నాణ్యతతో కావాలనుకునే వారికి మాత్రమే ఈ-ఆర్క్ అవసరం. కేవలం ఓటీటీ, కేబుల్ చూసే ఇంటికి ఆర్క్ సరిపోతుంది. ఇంకొక మాట. 4కె వీడియోను రిసీవర్ గుండా పంపాలంటే దానికి హెచ్‌డీసీపీ 2.2 (వీడియోను కాపీ చేయకుండా అడ్డుకునే ఏర్పాటు) ఉండాలి. కానీ సెట్‌టాప్ బాక్సు, గేమ్ పెట్టె నేరుగా టీవీకి తగిలించి, శబ్దాన్ని మాత్రమే ఆర్క్ ద్వారా రిసీవర్‌కు తెచ్చుకుంటే, 8కె అని రాసి ఉన్న ఖరీదైన మోడల్‌కు డబ్బు పోయనక్కరలేదు. నేను చేసింది ఇదే.

ఈ లెక్కలన్నీ సరిచూసుకున్న తరువాత మనముందు మూడు దారులు ఉంటాయి. మొదటిది డెనాన్, యమహా, సోనీ, ఒంకియో వంటి కంపెనీల కింది తరగతి మోడల్‌ను కొత్తగా కొనడం. కొనేముందు సర్వీసు ఎక్కడ చేస్తారు, చెన్నైకో హైదరాబాదుకో పంపవలసి వస్తే రవాణా ఎవరు భరిస్తారు అన్నది షాపువాళ్లతో బిల్లు మీద రాయించుకోవడం మంచిది. రెండోది, ఊళ్లలో బోర్డులు తెచ్చి బిగించి ఇచ్చే 5.1 ఆంప్లిఫయర్. ఖరీదు బాగా తక్కువ, పాడైతే బిగించినవాడే బాగుచేస్తాడు, సొంత ప్లగ్గు లేని పాత ఊఫర్‌ను కూడా అది నడపగలదు. అయితే చాలావాటిలో గదికి తగినట్లు సర్దే మైకు ఉండదు, ట్రాన్స్‌ఫార్మర్ పరిమాణం మీదా వేడి తీసే అల్యూమినియం పలక మీదా నాణ్యత అంతా ఆధారపడి ఉంటుంది. మూత తీయించి ఆ రెండూ చూడకుండా డబ్బు ఇవ్వవద్దు.

మూడోది సెకండ్ హ్యాండు. తక్కువ డబ్బుకు ఎక్కువ విలువ దొరికేదీ, ఎక్కువ మోసం జరిగేదీ ఇందులోనే. ఎలక్ట్రానిక్ సామాను అమ్మే చెన్నై రిచీ స్ట్రీట్ నెల్లూరుకు మూడు గంటల రైలు ప్రయాణం దూరంలోనే ఉంది కాబట్టి మనవాళ్లు చాలామంది అక్కడికి వెళతారు. ఎక్కడ కొన్నా ముందు వెనకవైపు అంటించిన చీటీ చదవండి. 230 వోల్టులు అని ఉండాలి. అమెరికాలో ఉన్న పిల్లలు పంపినవి 120 వోల్టులకు, జపాన్‌వి 100 వోల్టులకు చేసినవి. వాటిని నేరుగా మన ప్లగ్గులో పెడితే క్షణంలో కాలిపోతాయి, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు కలిపితే లాభం మిగలదు. తరువాత స్క్రూల తలలు చూడండి. మైపాడు, కొత్తపట్నం వంటి తీరపు ఊళ్ల ఉప్పుగాలికి స్క్రూలు తుప్పుపట్టి, టెర్మినళ్లు పచ్చబడి ఉంటాయి. బయట అలా ఉంటే లోపలి రిలేల (స్విచ్చుల్లా పనిచేసే భాగాల) పరిస్థితీ అంతే. ఐదు ఛానెళ్లనూ విడివిడిగా వినండి, ప్రతి హెచ్‌డీఎంఐ రంధ్రంలోనూ వైరు పెట్టి చూడండి, కనీసం అరగంట గట్టిగా మోగనిచ్చి ఆగిపోతుందేమో గమనించండి. రిమోట్‌తో పాటు సర్దుబాటు మైకు కూడా అడిగి తీసుకోండి, అది పోగొట్టుకున్నవారే ఎక్కువ. నేను చివరకు ఆర్క్ ఉన్న ఐదేళ్ల నాటి 5.1 రిసీవర్‌ను ఈ పరీక్షలన్నీ చేసి 16 వేలకు తీసుకున్నాను. మిగిలిన డబ్బులో కొంత మంచి సెంటర్ స్పీకర్‌కు పోయింది.

తెచ్చిన పెట్టెను తలుపులున్న షోకేసులో పెట్టకండి. పైన అరచేయంత జాగా ఖాళీగా ఉండాలి, దాని మీద అల్లిక గుడ్డ కప్పే అలవాటు ఉంటే మానుకోవాలి. రోహిణి కార్తె ఎండల్లో ఆ గుడ్డ ఒక్కటే రిసీవర్ ఆయుష్షును తగ్గించడానికి చాలు. మా ఇంట్లో బల్లి మళ్లీ చేరకుండా, గాలి రంధ్రాలను మూయకుండా, షోకేసు వెనక ఖాళీకి దోమతెర జాలీ కొట్టించాను. మన నెల్లూరు వైపు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. ఆ నెలల్లో ఉరుములు మొదలైతే స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గూ కేబుల్ వైరూ రెండూ పీకేయాలి.

ఆఖరుగా సర్దుబాటు. చీమకుర్తి గ్రానైట్ పరిచిన గచ్చులు, నున్నని గోడలు శబ్దాన్ని అద్దంలా తిప్పికొడతాయి, దానివల్ల మాటలు గింగురుమంటాయి. స్పీకర్లకూ సోఫాకూ మధ్య మందపాటి తివాచీ ఒకటి, కిటికీలకు బరువైన పరదాలు వేసి, ఆ తరువాతే మైకు పెట్టండి. ఫ్యాన్లు ఆపి, మైకును సోఫాలో మీ చెవి ఎత్తుకు స్టాండు మీద నిలిపి, రిసీవర్ పంపే శబ్దాలు ముగిసేదాకా గదిలో ఎవరూ కదలకుండా ఉండాలి. అది పూర్తయ్యాక స్పీకర్ల జాబితాలోకి వెళ్లి, చిన్న స్పీకర్లన్నిటికీ క్రాసోవర్ (ఏ స్వరం కంటే కిందివి ఊఫర్‌కు పంపాలో చెప్పే అంకె) 80 హెర్ట్జ్ దగ్గర ఉందో లేదో చూసి, మన బాలసుబ్రహ్మణ్యం పాట ఒకటి పెట్టి రెండు ముందు స్పీకర్ల నడుమ ఆ గొంతు నిలబడిందో లేదో వినండి. ఆ తరువాత మాటలు ఎక్కువగా ఉన్న సినిమా ఒకటి పెట్టండి. మాట సన్నగా ఉంటే సెంటర్‌ను 2 డెసిబెళ్లు పెంచుకోండి.