ఇంట్లో ఆక్సిజన్ మిషన్ మొరాయిస్తే ఏం చూడాలి

విజయవాడ సూర్యారావుపేటలో ఏ ఆస్పత్రి నుంచి డిశ్చార్జ్ అయినా, ఊపిరితిత్తుల పేషెంటయితే "ఇంటి దగ్గర ఆక్సిజన్ పెట్టుకోండి" అని రాసిస్తారు. సాయంత్రానికల్లా నిమిషానికి ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్, అంటే గదిలో గాలి నుంచే ఆక్సిజన్ తీసిచ్చే మిషన్, ఇంటికి దిగుతుంది. షాపు కుర్రాడు ప్లగ్గు పెట్టి, పైపు తగిలించి వెళ్లిపోతాడు. అర్ధరాత్రి అది కుయ్యిమంటుంది. ఈ మిషన్ల రిపేరు మా పని కాబట్టి ఆ ఫోన్లన్నీ మాకే వస్తాయి. చాలావాటికి స్క్రూ డ్రైవర్ అక్కర్లేదు. తప్పు కరెంటులోనో, వేడిలోనో, దుమ్ములోనో, పైపులోనో ఉంటుంది.

అలారం మోగితే ముందు పేషెంటును చూడండి. పెదాలు నీలంగా మారినా, మాట తడబడినా, పిలిస్తే మగతగా పలికినా స్పేర్ సిలిండర్ తగిలించి 108కి ఫోన్ చేయండి. మిషన్ సంగతి ఆ తర్వాత.

పసుపు లైటు వెలిగి అలారం మోగుతోంది

గదిలో గాలిలో ఆక్సిజన్ 21 శాతం, నైట్రోజన్ 78 శాతం. మిషన్ ఆ గాలిని పీల్చి, ఒత్తిడి పెట్టి జియోలైట్ గుళికల్లోంచి పంపుతుంది. నైట్రోజన్ అక్కడే చిక్కుకుపోయి, బయటికి 90 నుంచి 96 శాతం ఆక్సిజన్ వస్తుంది. ఇది 82 శాతం దరిదాపులకు పడిపోతే చాలా మిషన్లు పసుపు లైటు వేస్తాయి. అంటే లోపలికి గాలి సరిగ్గా అందట్లేదు, లేదా గుళికలు పాడయ్యాయి. మొదటిదే ఎక్కువ.

వెనక జాలీ తీసి స్పాంజి ఫిల్టర్ చూడండి. గుంటూరులో మిర్చి యార్డు చుట్టుపక్కల ఇళ్లలో సీజన్లో ఆ స్పాంజిని బకెట్లో పిండితే నీళ్లు ఎర్రగా దిగుతాయి. వంటింటి పక్క గదిలో పెడితే పోపు జిడ్డు పడుతుంది. వారానికోసారి సబ్బు నీళ్లతో ఉతికి, పూర్తిగా ఆరాకే పెట్టాలి. తడి స్పాంజి పెడితే తేమ గుళికల్లోకి పోతుంది, వాటికి అంతకంటే శత్రువు లేదు.

తర్వాత మిషన్ ఎక్కడ ఉందో చూడండి. శబ్దం వస్తోందని బీరువా వెనకో, కర్టెన్ చాటునో తోసేస్తారు. గోడకు కనీసం ఒక అడుగు దూరం ఉండాలి. ఎక్కువ మిషన్లు 40 డిగ్రీల దాకానే పనిచేసేలా తయారవుతాయి. బెజవాడలో మే నెలలో రేకుల వరండాలో పెడితే పాపం అదేం చేస్తుంది? గదిలో నీడన, ఫ్యాను గాలి ఆడేచోట పెట్టండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి లైటు పోకపోతే గుళికలనే అనుమానించాలి. 2021లో కోవిడ్ భయానికి కొని, మూల పడేసి, ఇప్పుడు 'కొత్తదే' అని అమ్ముతున్న మిషన్లలో ఇది మామూలు. కొనేముందే అనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) పెట్టి, మీకు రాసిచ్చిన లీటర్ల మీద ఎంత శాతం వస్తోందో చూపించమనండి. '1 నుంచి 7 లీటర్లు' అని చవగ్గా వచ్చే కొన్ని చిన్న మిషన్లు ఒక లీటరు దగ్గర 90 చూపిస్తాయి, ఏడుకు తిప్పితే 30 శాతానికి జారిపోతాయి.

మిషన్ తిరుగుతోంది, ముక్కులో గాలి తగలట్లేదు

ముక్కు పైపు కొసను గ్లాసు నీళ్లలో ముంచండి. బుడగలు రాకపోతే గాలి దారిలో ఆగిపోతోంది, లేదా లీకవుతోంది. ఫ్లో మీటర్లో (లీటర్లు చూపే గొట్టం) బంతి ముందే అడుగున ఉంటే పైపు ఎక్కడో మడత పడింది, మంచం కోడు కింద చూడండి. బంతి పైనే ఉంటే లీకు వెతకాలి. పైపును వేళ్లతో గట్టిగా నొక్కండి. బంతి కిందికి పడితే మీరు నొక్కిన చోటు దాకా లీకు లేదు. లీకు అంతకు ముందుకు, పేషెంటు వైపున ఉంది. బంతి అలాగే నిలబడితే, గాలికి తేమ కలిపే నీళ్ల సీసా దగ్గర లీకు. నూటికి తొంభైసార్లు మూత మర అడ్డంగా ఎక్కి ఉంటుంది. విప్పి నిదానంగా బిగించండి. సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోయండి, బోరు నీళ్లు వద్దు.

ఏసీ గదిలో పైపులో నీళ్లు చేరి గుడగుడమంటే పైపు విప్పి దులపండి చాలు.

సాయంత్రం పూట ఆగిపోతోంది

వీధిలో ఏసీలన్నీ ఒక్కసారి వేసినప్పుడు వోల్టేజి పడిపోతుంది, కంప్రెసర్ మూలుగుతుంది. స్టెబిలైజర్ పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి గోడ సాకెట్‌కే ప్లగ్గు పెట్టండి. వోల్టేజి రోజూ ఇలాగే ఉంటే 1912కి ఫిర్యాదు చేయండి. ఐదు లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు లాగుతుంది. 150 ఏహెచ్ కొత్త బ్యాటరీతో ఇన్వర్టర్ మీద ఓ మూడు గంటలు, అదీ ఫ్యాన్లు, టీవీ ఆపితే. ఇన్వర్టర్ సైన్ వేవ్‌దే అయ్యుండాలి, స్క్వేర్ వేవ్ మీద మోటారు వేడెక్కుతుంది. దీనికి తోడు ఒక బి టైప్ సిలిండర్ ఉంచుకోండి. అందులో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున 12 గంటలు వస్తుంది.

అన్నీ బాగున్నాయి, సాచురేషన్ తక్కువ చూపిస్తోంది

సాచురేషన్ అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, వేలికి తగిలించే ఆక్సీమీటర్ దాన్ని చూపిస్తుంది. వేలు చల్లగా ఉందేమో, గోళ్లకు ముదురు పాలిష్ ఉందేమో చూడండి. చేయి రుద్ది వేరే వేలికి పెట్టి, అంకె నిలబడేదాకా ఆగండి. కంగారుపడి లీటర్ల నాబ్ మాత్రం పెంచొద్దు. సీఓపీడీ (ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్లలో చాలామందికి డాక్టర్లు పెట్టే లక్ష్యమే 88 నుంచి 92 శాతం. అంతకు మించి ఆక్సిజన్ ఎక్కిస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్ముతుంది. నిజంగానే తక్కువైతే డాక్టరుకు ఫోన్ చేయండి.

మిషన్ నడిచే గదిలో దీపం, అగరుబత్తి, బీడీ వద్దు. ముక్కు ఎండిందని వాజిలైన్, కొబ్బరినూనె రాయొద్దు, నీటితో చేసిన జెల్ అడగండి.

ఎయిర్ బెడ్, బ్యాటరీ చక్రాల కుర్చీ

ఆక్సిజన్ మిషన్‌తో పాటు వీటి గురించీ అడుగుతుంటారు. ఎయిర్ బెడ్ అంటే మంచాన పడ్డవాళ్లకు పుండ్లు పడకుండా వేసే గాలి పరుపు. అది ఒకపక్క మెత్తబడితే గొట్టం మడత, తలవైపున్న గాలి వదిలే మూత చూడండి. పేషెంటు తుంటి కింద, పరుపు అడుగున చెయ్యి పెడితే కనీసం అంగుళం గాలి మెత్తదనం తెలియాలి. ఎముక తగిలితే ప్రెషర్ పెంచాలి. బెడ్ ఉన్నా పక్కకు తిప్పడం మానొద్దు. కుర్చీ కదలకపోతే ముందు మోటారు దగ్గర క్లచ్ లివర్ చూడండి, తోయడానికి వదిలేసి మళ్లీ వేసి ఉండరు. ఛార్జర్ తగిలి ఉన్నా కదలదు.

ఏ మిషన్‌కైనా సర్వీసుకు ఫోన్ చేసేముందు బిల్లు, సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి. కాన్సన్‌ట్రేటర్ అయితే గంటల మీటరు (మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపేది) అంకె కూడా చదివి చెప్పండి. కొత్తదని అమ్మిన మిషన్‌లో మీటరు వేలల్లో ఉంటే రిపేరు అడక్కండి, మార్చి ఇవ్వమనండి.