మీ బండి వివరాలు ఏ కంపెనీకి వెళ్లాయి? ఆర్టీఐతో అడగండి ఇలా

బండి ఇన్సూరెన్స్ అయిపోయే ముందు ఫోన్ వస్తుంది. అవతలి వాళ్లకు బండి నంబరు, మోడల్, గడువు తేదీ అన్నీ తెలుసు. 'ఎవరిచ్చారు?' అని అడిగితే కాల్ కట్.

షోరూము నుంచో ఏజెంటు నుంచో బయటికి పొక్కి ఉండొచ్చు. అయితే ప్రభుత్వమే డబ్బు తీసుకుని ఇచ్చిన రోజులూ ఉన్నాయి. 2019 మార్చిలో కేంద్ర రోడ్డు రవాణా శాఖ బల్క్ డేటా పాలసీ తెచ్చింది. వాహన్ (రిజిస్ట్రేషన్లు), సారథి (లైసెన్సులు) డేటా కంపెనీలకు ఆ ఏడాదికి రూ.3 కోట్లు. అప్పటిదాకా 87 ప్రైవేటు కంపెనీలకు, 32 ప్రభుత్వ సంస్థలకు ఇచ్చామని, రూ.65 కోట్లు వచ్చాయని మంత్రి నితిన్ గడ్కరీ ఆ జులైలో పార్లమెంటుకు చెప్పారు. గోప్యత సమస్యలు వస్తాయని 2020 జూన్‌లో పాలసీని రద్దు చేశారు. మరి అప్పటికే చేతులు మారిన డేటా ఏమైంది? అడగాల్సింది ఇదే.

1. మీ రికార్డు చూసుకోండి

పరివాహన్ సైటులో గానీ, ఎంపరివాహన్ యాప్‌లో గానీ మీ ఆర్సీ తెరవండి. ముఖ్యంగా ఫోన్ నంబరు చూడండి. రిజిస్ట్రేషన్ అప్పుడు డీలరో, ఆర్టీవో ఆఫీసు బయటి ఏజెంటో తన నంబరే పెట్టేయడం మామూలే. అలాగైతే మీ ఓటీపీలు వాళ్లకే పోతాయి. చాసిస్, ఇంజిన్ నంబర్లు దగ్గర పెట్టుకుని ఆ ఫోన్ నంబరు మార్చుకోండి. బండి అమ్మేసి ఉంటే ఓనర్‌షిప్ కొన్నవాళ్ల పేరు మీదికి మారిందో లేదో కూడా చూడండి.

2. దరఖాస్తు రాయండి

ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) ఆన్‌లైన్ పోర్టల్‌లో రోడ్డు రవాణా, హైవేల మంత్రిత్వ శాఖను ఎంచుకోండి. ఫీజు రూ.10. 'నా డేటా ఎందుకు అమ్మారు?' అని రాయకండి. ఎందుకు అనే ప్రశ్నకు రికార్డు ఉండదని ఒక్క ముక్కలో తిప్పి పంపేస్తారు. కాగితాలు అడగండి:

- 2019 పాలసీ కింద డేటా తీసుకున్న కంపెనీల జాబితా, ఒక్కొక్కటి కట్టిన మొత్తం.
- వాళ్లకు ఇచ్చిన డేటాలో ఏయే కాలమ్‌లు ఉన్నాయో తెలిపే పత్రం.
- ఒప్పందాల నకళ్లు.
- 2020 జూన్ తర్వాత డేటా చెరిపేయమని కంపెనీలకు రాసిన లేఖల నకళ్లు. లేకపోతే 'లేవు' అని రాతపూర్వకంగా.

రెండో ప్రశ్న వదలొద్దు. పేరు ఇవ్వలేదన్నా, బండి నంబరు వెళ్లిందంటే ఇంకో జాబితాతో పక్కపక్కన పెట్టి మనిషిని పట్టేయడం పెద్ద పనేం కాదు. నాలుగోదానికి 'లేవు' అని వచ్చినా అది గట్టి జవాబే.

తెలంగాణ వాళ్లకు ఒక మాట. ఇక్కడ రవాణా శాఖ చాలా ఏళ్లు వాహన్‌లో చేరకుండా సొంత సాఫ్ట్‌వేర్‌తోనే నడిచింది. కాబట్టి రాష్ట్ర రవాణా కమిషనర్ కార్యాలయంలోని సమాచార అధికారికీ విడిగా దరఖాస్తు పెట్టాలి. కేంద్ర పోర్టల్ రాష్ట్ర శాఖల దరఖాస్తులు తీసుకోదు. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి.

3. జవాబు రాకపోతే

గడువు 30 రోజులు. రాకపోయినా, నచ్చకపోయినా మరో 30 రోజుల్లో అదే శాఖలో మొదటి అప్పీలు వేయొచ్చు. దానికి ఫీజు లేదు. ఒప్పందాలు అడిగితే వ్యాపార రహస్యమంటూ సెక్షన్ 8(1)(డి) చూపించే అవకాశం ఎక్కువ. అప్పీలులో రెండు మాటలు రాయండి: ప్రజల డేటాకు ప్రభుత్వం డబ్బు తీసుకుంది కాబట్టి 8(2) కింద ప్రజాప్రయోజనం ఉంది, రహస్యమైన భాగం ఉంటే సెక్షన్ 10 ప్రకారం అది తీసేసి మిగతాది ఇవ్వాలి. అక్కడా కాదంటే 90 రోజుల్లో కేంద్ర సమాచార కమిషన్‌కు (రాష్ట్ర శాఖకు పెట్టిన దరఖాస్తయితే రాష్ట్ర సమాచార కమిషన్‌కు) వెళ్లొచ్చు.

4. ఈలోగా కాల్స్ సంగతి

1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దని నమోదు) పెట్టించండి. ఆ తర్వాత కూడా ఇన్సూరెన్స్ కాల్ వస్తే నంబరు, తేదీ చెప్పి అక్కడే ఫిర్యాదు చేయండి. బండి నంబరు వేసి మరీ 'చలానా కట్టండి' అని వాట్సాప్‌లో ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే తెరవొద్దు. నంబరు సరిగ్గా ఉన్నంత మాత్రాన మెసేజ్ అసలుదైపోదు. చలానా ఉందో లేదో పోలీసుల సైటులోనో పరివాహన్‌లోనో మీరే చూసుకోండి. డబ్బు పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.